ముసలి జాగిలం ఎవరి ఖాతాలో?

బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఆతకూరు శాసనం అనే వీరగల్లు ఉంది. మండ్య జిల్లా నుంచి తెచ్చినది, పదో శతాబ్దం నడిమి కాలానిది. తక్కోలం దగ్గర రాష్ట్రకూట మూడో కృష్ణుడి పక్షం చోళ రాజాదిత్యుణ్ణి గెలిచిన యుద్ధాన్ని అది చెబుతుంది. ఆ పోరులో పేరు తెచ్చుకున్న మణలేరుడు అనే యోధుణ్ణి ఏలిక మెచ్చి ఏం కావాలో కోరుకొమ్మంటే, అతను కాళి అనే వేటకుక్కను ఇమ్మన్నాడు. ఇచ్చారు. కొత్త యజమాని దగ్గర కాళి ఒక పెద్ద అడవిపందితో తలపడి, దాన్ని చంపి తానూ చనిపోయింది. దాని కోసం గుడి ముందు రాయి నిలిపారు, భూమి రాసిచ్చారు, ఆ రాతికి పూజ చేయకుండా పూజారి అన్నం తింటే పాపమని కట్టడి చేశారు. వెయ్యేళ్లు దాటినా ఈ మర్యాదలో పెద్ద మార్పు రాలేదు. 2022లో కశ్మీర్‌లో ఉగ్రవాదుల మీదికి వెళ్లి ప్రాణాలు విడిచిన ఆక్సెల్, జూమ్ అనే సైనిక జాగిలాలకు మన సైన్యం పూలమాలలతో, గౌరవ వందనంతో వీడ్కోలు పలికింది. పనిలో చనిపోయిన కుక్కను గౌరవించడం మనకు బాగానే తెలుసు. పని చేసి చేసి ముసలిదైన కుక్కతో ఏం చేయాలన్నదే ఏ కాలంలోనూ తేలని లెక్క. కాళి ఆ పంది కోరకు చిక్కకుండా మరో ఐదారేళ్లు బతికి, పళ్లూడి, వసారాలో ఓ మూల పడి ఉంటే దాని గురించి ఏ శాసనమూ మాట్లాడేది కాదు.

శిక్షణ పొందిన కుక్కకు వయసు మళ్లాక కొత్త ఇల్లు దొరకదనడానికి మామూలుగా మూడు కారణాలు చెబుతారు. ఒకే చేతికి అలవాటు పడింది కాబట్టి మరొకరి మాట వినదంటారు. కరవడమో, కాపలా కాయడమో నేర్చింది కాబట్టి పిల్లాజెల్లా ఉన్న ఇంట్లో ప్రమాదమంటారు. ఇక మిగిలింది రెండు మూడేళ్ల ఆయుష్షే, అదీ మందులతో గడిచేది, ఎవరు తీసుకుంటారంటారు. మూడూ కుక్క మీదే నేరం మోపుతున్నాయన్నది గమనించాలి. గత నూట అరవై ఏళ్ల చరిత్రను వరసగా చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. ఒకే జాతి కుక్కలు, ఇంచుమించు ఒకే శిక్షణ, ఒకే దేశం, ఒకే సైన్యం. అయినా ఒక యుద్ధం తర్వాత వేలల్లో ఇళ్లకు చేరాయి, మరో యుద్ధం తర్వాత ఇంచుమించు ఏవీ చేరలేదు. ఈ పాతికేళ్ల వ్యవధిలో కుక్క స్వభావం మారలేదు. మారింది దస్త్రంలో దాన్ని రాసుకున్న పద్దు. కుక్కను ఎరువు తెచ్చుకున్నవాళ్లు తిరిగి అప్పగించే దారి వెతికారు, సరుకుగా కొన్నవాళ్లు సరుకును పారేసినట్టే పారేశారు. ఇల్లు దొరకడం, దొరకకపోవడం అక్కడే తేలిపోయిందని నా వాదన.

దిక్కులేని కుక్కకు ఇంకో ఇల్లు వెతికి పెట్టవచ్చన్న ఆలోచన ఒక సంస్థగా రూపం కట్టింది లండన్‌లో. 1860లో మేరీ టీల్బీ అనే ఆవిడ హాలోవే పేటలో తప్పిపోయిన, ఆకలితో చస్తున్న కుక్కల కోసం తాత్కాలిక ఆశ్రయం తెరిచింది. మనుషులే తిండి లేక మాడుతున్న నగరంలో కుక్కలకు సత్రమా అని ఆనాటి పత్రికలు ఎగతాళి చేశాయి. ఆ వెక్కిరింతలో న్యాయం బొత్తిగా లేదని చెప్పలేం. విక్టోరియా కాలపు లండన్ పేదరికం అలాంటిది. అయితే రెండేళ్లకే చార్లెస్ డికెన్స్ నడిపే పత్రికలో, ఖరీదైన కుక్కల ప్రదర్శననూ ఈ ఆశ్రయాన్నీ పక్కపక్కన పెట్టి చూపిన వ్యాసం వచ్చి జనం చూపు కొంత మార్చింది. 1871లో ఆశ్రయం బాటర్సీకి మారింది, ఆ పేరుతోనే నేటికీ నడుస్తోంది. మన విషయానికి ముఖ్యమైన ఘట్టం 1917లో జరిగింది. ఫ్రాన్స్ కందకాల మధ్య టెలిఫోన్ తీగలు గుండ్లకు తెగిపోతుంటే, వార్తలు మోయడానికి కుక్కలు కావాలని బ్రిటిష్ సైన్యం ఎడ్విన్ రిచర్డ్‌సన్ అనే అధికారికి శిక్షణాలయం అప్పగించింది. ఎసెక్స్ తీరంలోని షూబరీనెస్‌లో అది మొదలైంది. ఆయన కుక్కల కోసం వెళ్లింది జాతి కుక్కలు పెంచేవాళ్ల దగ్గరికి కాదు, బాటర్సీ ఆశ్రయానికి. అక్కడివి చాలక ఇతర నగరాల ఆశ్రయాల నుంచీ, ఆ తర్వాత జనం ఇళ్ల నుంచీ తెప్పించారు. కోలీలు, ఎయిర్‌డేల్‌లు, లర్చర్లు, ఏ జాతో తేలని సంకరాలు. వీధిలో దొరికిన కుక్క కొత్త చేతికి అలవాటు పడి, గుండ్ల వానలో కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తి వార్త చేర్చింది. అంటే పెరిగిన కుక్క ఒక జీవితం వదిలి మరో జీవితం నేర్చుకోగలదని అప్పుడే రుజువైంది. వీధి నుంచి సైన్యానికి వెళ్లగలిగిన కుక్క సైన్యం నుంచి ఇంటికి రాలేదనడానికి ఆధారం ఏముందన్నది అక్కడే తలెత్తవలసిన ప్రశ్న. ఎవరూ అడగలేదు.

దానికి సమాధానం అమెరికాలో, రెండో ప్రపంచయుద్ధంలో దొరికింది. పెర్ల్ హార్బర్ దాడి నాటికి అమెరికా సైన్యానికి చెప్పుకోదగ్గ జాగిలాల దళమే లేదు. 1942 జనవరిలో కుక్కల పెంపకందారులు, శిక్షకులు కొందరు కలిసి డాగ్స్ ఫర్ డిఫెన్స్ అనే స్వచ్ఛంద సంస్థ పెట్టి, ఇళ్లలో పెరుగుతున్న కుక్కలను దేశానికి ఇమ్మని జనాన్ని అడిగారు. మార్చిలో సైన్యం ఒప్పుకుంది. పద్దెనిమిది వేలకు పైగా కుక్కలు వచ్చాయి. తుపాకీ మోతకు బెదిరేవి, ఒంట్లో బాగోలేనివి, మరీ చిన్నవీ పెద్దవీ తీసేయగా సుమారు 10,400 కుక్కలకు శిక్షణ ఇచ్చారు. వాటిలో చాలా భాగం కాపలా పనికి వెళ్లాయి, కొన్ని వందలు స్కౌట్లుగా, వార్తాహరులుగా యుద్ధరంగానికి వెళ్లాయి. ఇక్కడ అసలు కీలకం ఈ కుక్కలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది. ప్రతి కుక్క వెనుకా ఒక ఇల్లు ఉంది, అక్కడ దాని పేరు పెట్టి పిలిచిన పిల్లలున్నారు, యుద్ధం ముగిస్తే తిరిగి వస్తుందన్న ఆశ ఉంది. కాగితం మీద అవి ప్రభుత్వ ఆస్తే. అయినా 1945లో యుద్ధం ముగిసేసరికి ఆ ఇళ్లన్నీ జవాబు కోసం చూస్తున్నాయి. చంపేశామని ఇన్ని వేల కుటుంబాలకు ఉత్తరాలు రాసే ధైర్యం ఏ ప్రభుత్వానికి ఉంటుంది?

అందుకని క్వార్టర్‌మాస్టర్ విభాగం ఎన్నడూ చేయని పని ఒకటి మొదలుపెట్టింది. శిక్షణను వెనక్కి తిప్పడం. ఒక్క హ్యాండ్లర్‌నే నమ్మిన కుక్కను చేతులు మార్చి మార్చి పలువురికి అలవాటు చేశారు. కనిపించిన ప్రతి మనిషీ శత్రువన్న పాఠం చెరిపి, ప్రతి మనిషీ మిత్రుడన్న పాఠం చెప్పారు. చుట్టూ సైకిళ్లు తిప్పారు, గోల చేశారు, గుంపుల్లోకి తీసుకెళ్లారు, అప్పుడు అది ఎలా ఉంటుందో చూశారు. పశువైద్యుడి పరీక్ష ముగిశాక పాత యజమానికి కబురు పెట్టారు. వద్దన్నా, ఇల్లు మారి చిరునామా దొరక్కపోయినా, డాగ్స్ ఫర్ డిఫెన్స్ సాయంతో కొత్త ఇల్లు వెతికి ప్రభుత్వపు మిగులు సరుకుల అమ్మకం పద్ధతిలోనే అప్పజెప్పారు. కొన్న ధర నామమాత్రం. 1947 నాటికి ఈ పని పూర్తయింది, మూడు వేల దాకా కుక్కలు పౌర జీవితానికి చేరాయి. తిరిగి వచ్చిన కుక్క తమను గుర్తుపట్టిందనీ, వెళ్లినప్పటి కంటే మాట బాగా వింటోందనీ యజమానులు రాసిన ఉత్తరాలు సైన్యం దస్త్రాలకెక్కాయి. ఈ కుక్కల్లో బాగా పేరున్నది చిప్స్. షెపర్డ్, హస్కీ, కోలీ కలిసిన సంకరం, న్యూయార్క్ రాష్ట్రంలో ఒక కుటుంబం పెంచినది. 1943 జులైలో సిసిలీ తీరంలో మెషిన్‌గన్ పెట్టిన గుడిసెలోకి దూకి లోపలి సైనికులు లొంగిపోయేలా చేసింది. సిల్వర్ స్టార్ పతకం ఇచ్చారు, తర్వాత జంతువులకు పతకాలు కూడవని వెనక్కి తీసుకున్నారు. ముట్టుకోబోయిన జనరల్ ఐసెన్‌హోవర్‌ను కూడా కరిచిందని ప్రతీతి. అలాంటి కుక్కను 1945 డిసెంబరులో చిన్నపిల్లలున్న ఆ ఇంటికే పంపారు. మరుసటి ఏడు మూత్రపిండాల జబ్బుతో పోయేదాకా అక్కడే ఉంది.

మెరైన్ దళం లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది. వాళ్లవి ఎక్కువగా డోబర్‌మన్‌లు, పసిఫిక్ దీవుల్లో జపాన్ సైనికులు దాక్కున్న గుహలు వెతకడానికి వాడినవి. గువామ్ దీవిలోనే 25 జాగిలాలను సమాధి చేశారు. అక్కడ ఆ దళాన్ని నడిపిన పశువైద్యాధికారి విలియం పుట్నీ, యుద్ధం ముగిశాక ఈ కుక్కలు మనుషుల మధ్య బతకలేవన్న మాటను ఒప్పుకోలేదు. మళ్లీ శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపాల్సిందేనని పట్టుబట్టాడు. యుద్ధం చివర దళంలో మిగిలిన 559 కుక్కల్లో 540 పౌర జీవితానికి వెళ్లాయి. చంపవలసి వచ్చినవి 19. వాటిలో 15 ఆరోగ్యం బాగోలేక. స్వభావం మళ్లించలేక చంపినవి నాలుగంటే నాలుగే. డోబర్‌మన్ అంటేనే జడుసుకునే రోజులు, అవి మనిషి గొంతు పట్టడానికి తయారైనవి, పుట్టి పెరిగిన ఇంటికి ఏళ్లుగా దూరమైనవి. అయినా నూటికి ఒకటి కూడా విఫలం కాలేదు. శిక్షణ పొందిన కుక్క ఇంటికి పనికిరాదనే వాదం 1947 నాటికే ఓడిపోయిందని ఈ లెక్క చూసి చెప్పవచ్చు. దురదృష్టం ఏమిటంటే ఓడిన వాదాన్ని మళ్లీ గెలిపించడానికి ఒక్క పరిపాలన నిర్ణయం చాలింది.

యుద్ధానంతరం అమెరికా సైన్యం జనం దగ్గర కుక్కలు తీసుకోవడం మానేసి, డబ్బు పెట్టి కొనడం మొదలుపెట్టింది. అందులో వాళ్లకు సౌకర్యం ఉంది. ఒకే జాతి, ఒకే సైజు, ఉత్తరాలు రాసే యజమానుల బెడద లేదు. దాంతో ప్రతి జాగిలం వెనుక ఉండే ఇల్లు మాయమైంది. తిరిగి ఇవ్వాల్సిన మనిషి లేనప్పుడు తిరిగి ఇచ్చే విభాగమూ అక్కర్లేకపోయింది. ఈ మార్పు ఫలితం వియత్నాంలో కనిపించింది. అక్కడ సుమారు 4,000 కుక్కలు పనిచేశాయనీ, అమెరికాకు తిరిగి చేరినవి 200 దాకా అనీ సాధారణంగా చెప్పే లెక్క. మిగిలినవాటిలో యుద్ధంలో, జబ్బులతో పోయినవి పోగా, కొన్నిటిని దక్షిణ వియత్నాం సైన్యానికి అప్పగించారు, కొన్నిటిని సూది వేసి చంపారు. తమ ప్రాణాలు కాపాడిన కుక్కను కెన్నెల్‌లో కట్టేసి విమానం ఎక్కిన యువకులు ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా ఆ మాట మరచిపోలేదు. సైన్యం పక్షాన ఒక బలమైన వాదన ఉండేది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఆ దేశంలో పిడుదుల ద్వారా వచ్చే ఒక రక్తపు జబ్బు వందల కొద్దీ సైనిక జాగిలాలను చంపింది, దాన్ని అమెరికాకు మోసుకు రావడం తప్పన్నారు. భయం నిజమైనదే. కానీ జబ్బు భయం ఉంటే విడిగా ఉంచి పరీక్షించే పద్ధతి కొత్తదేమీ కాదు. పిచ్చికుక్క వ్యాధి రాకూడదని బ్రిటన్ దశాబ్దాల పాటు బయటి కుక్కలను ఆరు నెలలు క్వారంటైన్‌లో ఉంచింది. రెండో యుద్ధంలో పనిచేసి వచ్చిన తన జాగిలాలనూ అలాగే ఉంచి ఇళ్లకు పంపింది. ఖర్చు పెట్టదలిస్తే దారి ఉంది. ఖర్చుకు తగ్గ సరుకు కాదనుకున్నారు, అంతే.

ఈ పరిస్థితి 2000 దాకా సాగింది. అప్పటికి వర్జీనియాలోని క్వాంటికో మెరైన్ స్థావరంలో రాబీ అనే బెల్జియన్ మాలినువా ఉండేది. పదకొండేళ్లు, కీళ్ల నొప్పులు, పళ్లు అరిగిపోయాయి, పనికి రాదని తేల్చారు. దాని పాత హ్యాండ్లర్ ఇంటికి తీసుకెళ్తానన్నాడు. నిబంధన ఒప్పుకోదన్నారు. మేరీలాండ్ ప్రతినిధి రాస్కో బార్ట్‌లెట్ బిల్లు పెట్టాడు, కొద్ది నెలల్లో ఉభయ సభలూ దాటింది, 2000 నవంబరులో అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేశాడు. వియత్నాం నుంచి వచ్చిన హ్యాండ్లర్లు, వృద్ధుడైన పుట్నీ కూడా ఈ మార్పు కోసం గొంతెత్తినవారే. చట్టం ప్రకారం పని ముగిసిన జాగిలాన్ని పోలీసు శాఖలకు గానీ, పాత హ్యాండ్లర్లకు గానీ, చక్కగా చూసుకోగల ఇతరులకు గానీ ఇవ్వవచ్చు. ఇచ్చాక అది ఎవరినైనా గాయపరిస్తే ప్రభుత్వానికి బాధ్యత ఉండదని కూడా రాశారు. ఈ రెండో వాక్యం లేకపోతే మొదటిది చట్టమయ్యేదే కాదని నా అనుమానం. ఇన్నేళ్లూ అడ్డుపడ్డది కుక్క కోపం కంటే కోర్టు నోటీసు భయమే. ఆ చట్టం రాబీకి మాత్రం అందలేదు. ఒళ్లు మరీ క్షీణించిందని 2001 మొదట్లోనే నిద్రపుచ్చారు. అయితే తలుపు తెరుచుకుంది. ఫలూజాలో హ్యాండ్లర్ చనిపోగా గాయపడి మిగిలిన లెక్స్ అనే జర్మన్ షెపర్డ్‌ను 2007 చివర ఆ హ్యాండ్లర్ తల్లిదండ్రులకు ఇచ్చారు. 2015లో మరో సవరణ వచ్చింది. విదేశంలో పని ముగిసిన జాగిలాన్ని స్వదేశానికి తేవచ్చు అని ఉన్న చోట తేవాలి అని మార్చారు, పాత హ్యాండ్లర్‌కు మొదటి అవకాశం ఇచ్చారు. టెక్సాస్‌లోని లాక్లాండ్ స్థావరంలో నేడు జాగిలాలకు స్వభావ పరీక్ష చేసి పంపుతున్నారు, తీసుకునేవాళ్లు వరసలో వేచి ఉంటున్నారు. ముసలి కుక్కను ఎవరు తీసుకుంటారన్న మాటకు ఆ వరసే జవాబు.

ఇప్పుడు అభ్యంతరాల సంగతి. ప్రమాదం లేదని నేననడం లేదు. కరవడం నేర్చిన కుక్క అన్ని ఇళ్లకూ సరిపోదు, కొన్ని ఏ ఇంటికీ సరిపోవు. 559లో నాలుగు అలాంటివే. అయితే అది కుక్కను పరీక్షించి, ఇంటిని ఎంచి ఇవ్వాలనడానికి కారణం, అన్నిటినీ ఒకే గాటన కట్టడానికి కాదు. పైగా బాంబుల వాసన పట్టేవి, మాదకద్రవ్యాలు పసిగట్టేవి, శిథిలాల కింద మనుషుల్ని వెతికేవి చాలావరకు కరవడం నేర్చుకోనే నేర్చుకోవు. మెత్తని స్వభావం, ఆట మీద ఆశ ఉన్న లాబ్రడార్‌లను ఆ పనికి ఎంచేదే అందుకు. అంధులకు దారి చూపే కుక్కలను చూడండి. అమెరికాలో సీయింగ్ ఐ సంస్థ 1929లో మొదలైనప్పటి నుంచి ఆ కుక్కలు వయసు మళ్లాక కుటుంబాలకు, చిన్నప్పుడు పెంచినవాళ్లకు చేరడం మామూలు విషయం. అక్కడ శిక్షణ ఎవరికీ అడ్డు కాలేదు, ఆకర్షణ అయింది. ఇంటి లోపల మలమూత్రాలు చేయదు, తాడు లాగదు, కూర్చోమంటే కూర్చుంటుంది, ఒంటరిగా ఉండగలదు. కుక్కపిల్లను తెచ్చుకుని చెప్పులూ సోఫాలూ కొరికించుకున్నవాళ్లకు ఈ గుణాల విలువ వేరే చెప్పక్కర్లేదు. వైద్యం ఖర్చు మాత్రం గట్టి అభ్యంతరం. తుంటి కీళ్లు, పళ్లు, కిడ్నీలు. అమెరికా చట్టమూ ఇక్కడ బలహీనమే, దత్తత తీసుకున్న రోజు నుంచి ఖర్చు ఆ కుటుంబానిదే. అది తప్పని నా అభిప్రాయం. పనిలో అరిగిన కీలుకు పని చేయించుకున్నవాడు మందు కొనాలి.

మన దగ్గర ఇంకో మాట అంటారు. వీధుల్లో కుక్కలు పిల్లల్ని చంపుతుంటే, 2023లో హైదరాబాద్ అంబర్‌పేటలో ఒక చిన్నారి అలా చనిపోవడం చూసీ, పోలీసు కుక్కల వృద్ధాప్యం గురించి వ్యాసాలా అని. మేరీ టీల్బీని అడిగిన ప్రశ్నకు ఇది కొత్త రూపం. ఆ చిన్నారి తల్లిదండ్రుల దుఃఖం ముందు ఏ వాదమూ నిలవదు, వీధికుక్కల సంతతిని అదుపు చేయని పురపాలక వ్యవస్థకు క్షమాపణ లేదు. కానీ ఈ రెండు సమస్యల వేరు ఒకటే. ఎవరి ఖాతాలోనూ లేని కుక్క వీధిలో ఉంటుంది. కొని, వాడుకుని, వయసు రాగానే వదిలేసిన కుక్క కూడా ఆ వీధిలోకే వస్తుంది. ప్రతి కుక్కకూ కడదాకా జవాబుదారీ ఒకరుండాలన్న నియమం పాటిస్తే రెండు చోట్లా మేలే జరుగుతుంది.

భారత సైన్యంలో జాగిలాల శిక్షణ 1960లో మీరట్‌లోని రిమౌంట్, వెటర్నరీ కోర్ కేంద్రంలో మొదలైంది. 2015లో సమాచార హక్కు కింద అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు పత్రికలకెక్కాక, పనికి రానివని తేల్చిన జాగిలాలకు సూది వేయడం ఆనవాయితీ అని దేశానికి తెలిసింది. విషయం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. సమర్థనగా వినిపించిన వాటిలో ఒకటి, ఆ కుక్కలకు రహస్య స్థావరాలు తెలుసునన్నది. రిటైరైన సుబేదారు చెప్పగల రహస్యాల ముందు రిటైరైన జాగిలం చెప్పగలిగేవి ఎన్నో పాఠకులే ఊహించుకోవచ్చు. తర్వాత విధానం మారింది. నయం కాని జబ్బుతో యాతన పడే వాటికే కారుణ్య మరణం, మిగిలినవాటికి మీరట్‌లో వృద్ధాశ్రమం, దత్తతకు వీలు. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం 2019 నవంబరులో ఢిల్లీ మెట్రోలో పనిచేసిన ఏడు జాగిలాలకు పతకాలు వేసి, సభ పెట్టి వీడ్కోలు చెప్పి, ఒక స్వచ్ఛంద సంస్థకు అప్పగించింది. మంచి మార్పే. కానీ వృద్ధాశ్రమంలోని కెన్నెల్ కూడా కెన్నెలే. పదేళ్లు ఇనుప తలుపు వెనుక నిద్రపోయిన కుక్కను ఇంకో ఇనుప తలుపు వెనుకకు మార్చి దాన్ని పదవీ విరమణ అనడం నాకు మింగుడుపడదు. ఆశ్రమం ఇల్లు దొరికేదాకా మజిలీ కావాలి, మజిలీయే గమ్యం కాకూడదు.

తెలుగు నేలకు ఈ చర్చతో నేరుగా సంబంధం ఉంది. హైదరాబాద్ శివారు మొయినాబాద్‌లోని పోలీసు ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీలో జాగిలాలూ హ్యాండ్లర్లూ జంటగా నెలల తరబడి శిక్షణ పొందుతారు. ఆ జంట ఎనిమిది తొమ్మిదేళ్లు విడిపోదు. ఇల్లు వెతకాలంటే మొదటి తలుపు అదే, హ్యాండ్లర్‌ది. కానీ కానిస్టేబుల్ క్వార్టర్స్‌లో రెండు గదుల్లో ముప్ఫై కిలోల కుక్కనూ దాని మందులనూ భరించమని అతన్ని ఒంటరిగా అడగడం అన్యాయం, నెలకింత పోషణ ఖర్చని శాఖ ఇస్తేనే ఆ మొదటి హక్కుకు అర్థం. రెండో తలుపు మామూలు కుటుంబాలది. అపార్టుమెంటు సంఘం ఒప్పుకోదన్న భయం చాలామందికి ఉంది. పెంపుడు జంతువులను నిషేధించే అధికారం సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పింది. దత్తత పద్ధతి మనవాళ్లకు తెలియనిదీ కాదు, బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ 1992 నుంచి ఆ పని చేస్తూనే ఉంది. లోటు ఉన్నది దస్త్రంలో. కుక్కను కొన్న రోజునే, దాని పేరు రిజిస్టరులో ఎక్కించేటప్పుడే, విరమణ వయసు ఎంత, మళ్లీ శిక్షణ ఎవరిస్తారు, మొదట ఎవరిని అడగాలి, మందుల ఖర్చు ఏ పద్దు కింద అన్న నాలుగు గళ్లు అందులో ఉండాలి. 1945లో ఆ గళ్లను ఇళ్లలో ఎదురుచూసిన పిల్లలు నింపారు. కొనుక్కొచ్చిన కుక్కకు అలాంటి పిల్లలుండరు కాబట్టి నిబంధనే నింపాలి.

మీ జిల్లా పోలీసు డాగ్ స్క్వాడ్‌లో ఈ ఏడు ఎన్ని జాగిలాలు విరమిస్తున్నాయో, ఎక్కడికి వెళ్తున్నాయో సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టి అడగండి. జవాబు వచ్చాక, ఇంట్లో చోటూ ఓపికా ఉంటే, కుక్కపిల్ల కోసం బయల్దేరే ముందు ఒకసారి ఆ జాబితా చూడండి.